శనివారం ఆఖరి పీరియడ్

దివిసీమలో ఎవరినైనా వయసు అడిగితే సంవత్సరం చెప్పేవాళ్ళు తక్కువ. "ఉప్పెనప్పటికి వీడు చంకలో ఉన్నాడు", "ఉప్పెన పోయిన రెండో ఏట దీని పెళ్ళి" అని చెప్పేవాళ్ళే ఎక్కువ. 1980ల చివర్లో నేను అక్కడి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేరాను. నా తొమ్మిది, పది తరగతుల పిల్లలంతా ఉప్పెనప్పుడు చంకల్లో ఉన్నవాళ్ళే, లేదంటే అప్పుడప్పుడే నడక నేర్చినవాళ్ళు. వాళ్ళకి ఆ రాత్రి గుర్తు లేదు. కానీ ఫోటో కూడా మిగలని అన్నలు, అక్కలు, మేనత్తల పేర్లు ఇంట్లో రోజూ వింటూ పెరిగారు.

కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై సముద్రంలోకి పోతుంది. ఆ పాయల మధ్య నేల దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం నాడు తుఫానుతోపాటు సముద్రం అయిదారు మీటర్ల ఎత్తు లేచి ఆ నేల మీద పడింది. చనిపోయినవాళ్ళు 10 వేలకు పైనే. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో కుటుంబాలకి కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పిల్లల నోట ఒక మాట ఎప్పుడూ ఉండేది. "మన చేతుల్లో ఏముంది టీచర్!" పరీక్ష బాగా రాయకపోతే ఆ మాట. నాన్న చదువు మానిపించి చేపల చెరువు దగ్గర కాపలాకి పెడితే ఆ మాట. పదో తరగతి కాకుండానే పెళ్ళిచూపులకి కూర్చోబెడితే ఆడపిల్లలదీ అదే మాట. పదిహేనేళ్ళ పిల్లలు అరవై ఏళ్ళ మనిషిలా ఆ మాట అనేవాళ్ళు. బాధగా కూడా అనేవాళ్ళు కాదు, మామూలుగా అనేవాళ్ళు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

మా స్కూల్లో తెలుగు మాస్టారు నాకంటే చాలా పెద్దవారు. అవనిగడ్డ వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవారు. పద్యం చదివితే పక్క గదిలో లెక్కలు చెప్పే సారు కూడా సుద్దముక్క పట్టుకుని ఆగిపోయేవారు. ఒకరోజు స్టాఫ్ రూంలో ఆయన నా సోషల్ పుస్తకం తిరగేసి అన్నారు: "టీచర్ గారూ, మీ పుస్తకంలో కరువులు, యుద్ధాలు, బానిసత్వం. నా పుస్తకంలో ద్రౌపది అవమానం, కర్ణుడి చావు. పొద్దున మీరు ఏడిపిస్తున్నారు, మధ్యాహ్నం నేను ఏడిపిస్తున్నాను. సాయంత్రం ఈ పిల్లలు ఏం పట్టుకుని ఇంటికి వెళుతున్నట్టు?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడ్ నీతిబోధ అని ఉండేది. ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. హెడ్మాస్టర్ గారిని అడిగి మేమిద్దరం దాన్ని తీసుకున్నాం. తొమ్మిది, పది తరగతుల్ని వరండాలో కలిపి కూర్చోబెట్టేవాళ్ళం. మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే: "ధైర్యంగా ఉండండి, మంచి రోజులొస్తాయి అని మనిద్దరిలో ఎవరూ అనకూడదు. ఆ మాటలు వీళ్ళు పెళ్ళిళ్ళలో, చావుల్లో చాలా విన్నారు. మనం చూపించాలి, అంతే."

మొదటి పని హోంవర్క్‌తో మొదలుపెట్టాం. ఇంటికి వెళ్ళి నాయనమ్మనో, అమ్మమ్మనో, తాతనో ఒక ప్రశ్న అడగాలి: "నీ చిన్నప్పటికంటే ఇప్పుడు ఏది నయం?" వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకు రావాలి.

తర్వాతి శనివారం వచ్చిన జవాబులు నేను ఊహించినవి కావు. కరెంటు, రోడ్డు, సినిమా అంటారనుకున్నాను. "మా రోజుల్లో పురుటికి పోయిన మనిషి తిరిగొస్తుందో లేదో తెలిసేది కాదు" అని ఒక అమ్మమ్మ చెప్పింది. "అమ్మవారు పోస్తే ఊరు ఖాళీ చేసేవాళ్ళం, ఇప్పుడు ఆ జబ్బే లేదు" అని ఇంకొకావిడ. ఒక తాత "కామందు ఎదురొస్తే చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళం" అన్నాడట. అది చదివిన కుర్రాడు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. వాళ్ళ తాత ఆ సంగతి అంతకుముందు ఎప్పుడూ ఇంట్లో చెప్పలేదట.

ఒక అబ్బాయి మాత్రం ఖాళీ కాగితం తెచ్చాడు. "మా నాయనమ్మ ఏదీ నయం కాలేదంది టీచర్" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ ఉప్పెనలో ఇద్దరు కొడుకుల్ని, ఒక కోడల్ని పోగొట్టుకుంది. క్లాసంతా నా వైపు చూసింది. మాస్టారు వాడిని దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేసి, "మీ నాయనమ్మ నిజం చెప్పింది నాన్నా. ఆ కాగితం అలాగే ఉంచు" అన్నారు. వెంటనే పోతన పద్యం అందుకున్నారు.

"లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె..."

గజేంద్రమోక్షం అందరికీ వచ్చిన పద్యమే. ఆ రోజు ఆయన అర్థం చెప్పిన తీరు మాత్రం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఆ ఏనుగు మొదట ఏం చెప్పిందో చూడమన్నారు. బలం లేదంది. ధైర్యం చెదిరిందంది. ప్రాణాలు వాటి చోట లేవంది. మూర్ఛ వస్తోందంది, ఒళ్ళు డస్సిపోయిందంది. ఒక్క అబద్ధం ఆడలేదు. ఉన్నదంతా చెప్పుకున్నాకే పిలిచింది. "అంతకుముందు వచ్చే ఒక పద్యంలో ఇంకా పెద్ద మాట ఉంది" అని, "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్న పాదం చదివారు. ఉన్నాడో లేడో అన్న అనుమానం పెట్టుకునే పిలిచింది. అనుమానం తీరాక పిలవలేదు. "పోతన అంతటి భక్తుడు ఆ అనుమానాన్ని కొట్టెయ్యకుండా ఎందుకు ఉంచాడో ఆలోచించండి" అని ఊరుకున్నారు.

వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయికి ఇంకో ప్రశ్న ఇచ్చారు. "ఉప్పెన తర్వాత మొదటి ముద్ద ఎవరు పెట్టారో నాయనమ్మని అడిగి రా. తొందరేం లేదు, ఆవిడకి చెప్పాలనిపించినప్పుడే."

వాడు రెండు వారాలు ఏమీ తేలేదు. మూడో శనివారం కాగితం నిండా రాసుకొచ్చాడు. నీళ్ళు తీశాక నాయనమ్మ ఒక తాటిచెట్టు మొదట్లో కూర్చుని ఉందట. ఎటునుంచో లారీలో వచ్చిన మనుషులు పులిహోర పొట్లాలు పంచుతున్నారట. ఈవిడ లేవలేకపోతే ఒకావిడ దిగి వచ్చి, పొట్లం విప్పి, చేత్తో తినిపించిందట. పేరు అడగలేదు. ఆవిడది ఏ కులమో, ఏ ఊరో తెలియదు. "ఆయమ్మ చల్లగా ఉండాలి" అని ఆ రోజు సాయంత్రం నాయనమ్మ చాలాసేపు అందట. ఇంట్లో వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు.

అప్పుడు నా వంతు వచ్చింది. ఉప్పెన తర్వాత ఏం జరిగిందో నేను సోషల్ పాఠంలా చెప్పాను. దేశంలో చాలా చోట్ల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు శవాలు తీసి దహనం చేసిన సంగతి, అవనిగడ్డ ప్రాంతానికి చెందిన మండలి వెంకట కృష్ణారావు గారు ఆ పనుల్లో తలమునకలైన సంగతి, ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటి నటులు జోలె పట్టి వీధుల్లో చందాలు పోగుచేసిన సంగతి చెప్పాను. పిల్లలకి సినిమా వాళ్ళ సంగతి నచ్చింది. అయినా పీరియడ్ అయ్యాక వాళ్ళు మాట్లాడుకున్నది పొట్లం విప్పిన ఆవిడ గురించే. అది ఎవరమ్మ అయి ఉంటుందని తర్కించుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు.

1990 మే నెలలో మళ్ళీ తుఫాను వచ్చింది. ఎండాకాలం సెలవులు. నేను పుట్టింట్లో ఉండి ఆకాశవాణి వార్తలు వింటూ కూర్చున్నాను. కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటుతుందన్నారు. 1977 లాంటిదే, అంత భయంకరమైనదే. జూన్‌లో బడి తెరిచే రోజున హాజరు పట్టీ చేతిలోకి తీసుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

పిల్లలంతా వచ్చారు. కొందరికి పుస్తకాలు లేవు, కొందరికి యూనిఫాం లేదు, ఇళ్ళ కప్పులు చాలామందికి లేవు. కానీ అందరూ వచ్చారు. ఆ మొదటి శనివారం పాఠం మేమేమీ చెప్పలేదు, వాళ్ళే చెప్పారు. జీపు మైకు వేసుకుని ఊళ్ళో ఎన్నిసార్లు తిరిగిందో ఒకడు చెప్పాడు. పొలం వదిలి రానన్న తాతని ఎత్తుకుని వచ్చిన సంగతి ఇంకొకడు. ఒక అమ్మాయి తుఫాను షెల్టర్ గురించి చెప్పింది. ఎత్తు స్తంభాల మీద కట్టిన ఆ కాంక్రీటు భవనాన్ని మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అందులో ఎవరి మేకలు ఎవరి ఒళ్ళో పడుకున్నాయో, ఎవరితో ఎవరికి మాటల్లేవో వాళ్ళే ఒకే కంచంలో ఎలా తిన్నారో ఆ పిల్ల చెబుతుంటే వరండా అంతా నవ్వులు.

నేను బోర్డు మీద రెండు సంవత్సరాలు రాశాను. 1977 పక్కన 10 వేలకు పైన. 1990 పక్కన వెయ్యి లోపు. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో మీరే చెప్పండన్నాను. షెల్టర్లు కట్టారు, ముందే చెప్పారు, లక్షన్నర మందిని తీరం నుంచి తరలించారు, మచిలీపట్నంలో రాడార్ పెట్టారు, ఉపగ్రహం నుంచి హెచ్చరికలు అందాయి. ఒక్కొక్కటీ వాళ్ళ నోటి నుంచే వచ్చింది, ఏదైనా తప్పితే నేను అందించాను. సముద్రం మారలేదు, గాలి మారలేదు, మనుషులు చేసిన పని మారింది.

అప్పుడు ఖాళీ కాగితం అబ్బాయి లేచాడు. "వెయ్యి మంది పోయినా తక్కువేనా టీచర్?"

నేను కాదన్నాను. పోయినవాళ్ళ ఇంట్లో అది తక్కువ కాదు. ఆ ఇంట్లోకి వెళ్ళి మనం ఈ అంకెలు చెప్పకూడదు కూడా. కానీ ఇంకోసారి తుఫాను వచ్చేలోపు ఆ రెండో అంకెని ఇంకా తగ్గించడానికి ఏం చెయ్యాలో అడిగే హక్కు ఈ అంకెల వల్లే మనకి వస్తుంది అన్నాను. ఆ జవాబు మీద ఇవాళ్టికీ నిలబడతాను.

ఆ ఏడాది వరండా గోడకి రెండు చార్టులు అంటించాం. ఒకదాని మీద "ఇప్పుడు లేనివి", రెండోదాని మీద "ఇంకా పోవలసినవి". మొదటి దాంట్లో మశూచి పైన రాశారు. మన దేశంలో ఆఖరి కేసు 1975లో. ఆ తర్వాత 1833 గుంటూరు కరువు. అప్పుడు జిల్లాలో 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారని చరిత్ర చెబుతుంది. కృష్ణ పక్కనే పారుతున్నా తాగడానికి గంజి లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. శిస్తు కోసమే కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారన్నది కూడా పిల్లలకి దాచలేదు. అయినా ఆ నీళ్ళతో పండిన అన్నమే మనం తింటున్నాం. 1952లో ఆ ఆనకట్టకి గండి పడితే అయిదేళ్ళలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. చదువు లెక్కలు కూడా రాశాం: 1951లో దేశంలో నూటికి 18 మందికి అక్షరాలు వస్తే, అప్పుడే వచ్చిన 1991 లెక్కల్లో 52 మందికి. రెండో చార్టు మొదటిదానికంటే చాలా పొడుగు. దాని గురించి పిల్లలకి టెన్షన్ లేదు, "ఇది మా వంతు" అని దాని కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు. ఎవరు రాశారో మేము అడగలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పాఠం ఆ పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పకుండా ఉండలేను. రాజమండ్రిలో 1909లో పుట్టిన అమ్మాయి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదు. ఎవరో టికెట్ కొనిచ్చాకే పంపింది. అప్పటికి ఆమెకి 14 ఏళ్ళు. "అంటే తొమ్మిదో తరగతి!" అని వెనక బెంచీల నుంచి అరుపు. ఆ తర్వాత జైలు, జైలు నుంచి వచ్చి మెట్రిక్, ఎం.ఏ., లా, చివరికి రాజ్యాంగ సభలో సభ్యత్వం. నేను చెప్పడం అయ్యాక మాస్టారు కన్యాశుల్కం తీశారు. 1892లో మొదటిసారి ఆడిన నాటకం. పిల్లలు గిరీశాన్ని చూసి నవ్వుతూ ఉండగా ఆయన అడిగారు, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు తప్పంటూ చట్టం ఎప్పుడు వచ్చింది టీచర్ గారూ అని. శారదా చట్టం 1929లో, అమ్మాయికి 14 ఏళ్ళు నిండాలని. 1978లో అది 18 అయింది. "నాటకానికీ మొదటి చట్టానికీ మధ్య 37 ఏళ్ళు" అని ఒక పిల్ల లెక్క కట్టి, "మరీ అంత ఆలస్యమా సార్?" అంది. మాస్టారు అన్నారు: "గురజాడ 1915లోనే పోయారమ్మా. ఆ చట్టం ఆయన చూడలేదు. చూస్తానో లేదో తెలియకుండానే రాశారు."

ఆ లెక్క కట్టిన పిల్లకి అప్పటికే ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆ వారం వాళ్ళ అమ్మని వెంటబెట్టుకుని స్టాఫ్ రూంకి వచ్చింది. "టీచర్ గారూ, ఇది ఎవరో రాజమండ్రి ఆవిడ కథ చెప్పి ఇంట్లో గొడవ చేస్తోంది" అంది వాళ్ళమ్మ. కానీ ఆవిడ ముఖంలో కోపం లేదు. కూర్చోమని ఆ కథంతా ఆవిడకి కూడా చెప్పాను. పెళ్ళి పూర్తిగా ఆగిపోలేదు. ఇంటర్ అయ్యేదాకా వెనక్కి జరిగింది. ఆ ఇంటర్‌తో తర్వాత ఆ పిల్ల ఏఎన్ఎం ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరింది. ఎన్నో ఏళ్ళు ఊరూరా పోలియో చుక్కలు వేసింది. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించిన రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "టీచర్, మన చార్టు ఉంటే ఇంకోటి రాయించండి" అంది. ఆ చార్టు ఎప్పుడో చినిగిపోయింది. నా డైరీలో రాసుకున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వార్తలు వచ్చినప్పుడు మాస్టారిని పట్టుకోలేకపోయాం. అక్షరాస్యత కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో ఒక పాఠం చదివారు. ఊరి ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించిన కథ అది. చదివి ఊరుకోలేదు, తమ ఊళ్ళో కొట్టు మూయించారు. అక్కడి నుంచి ఊరు ఊరుకీ పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. మాస్టారు దినపత్రిక కత్తిరింపులు తెచ్చి పిల్లలకి పంచేవారు. "మీ సోషల్‌లో ఉద్యమం ముందు వస్తుంది, దాని మీద పాట తర్వాత వస్తుంది. ఇక్కడ పాఠం ముందు వచ్చింది టీచర్ గారూ" అని నాతో పదిసార్లు అన్నారు. జీవితమంతా తెలుగు వాచకాలు చెప్పిన మనిషికి అది ఎంత సంతోషమో నాకు అర్థమయ్యేది.

ఆ పాఠాన్ని తర్వాతి బ్యాచ్‌లకి కూడా చెబుతూ వచ్చాం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఏడాది పిల్లలు సూటిగా అడిగారు: "అంటే ఆడవాళ్ళు ఓడిపోయినట్టేగా టీచర్?" మంచి ప్రశ్న. మాస్టారు అప్పటికి రిటైరయ్యారు, నేనొక్కదాన్నే ఉన్నాను. జవాబు నేను చెప్పక్కర్లేకపోయింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి, "మా అమ్మ ఆ చదువు కార్యక్రమంలోనే సంతకం నేర్చుకుంది. మళ్ళీ వేలిముద్ర వెయ్యదుగా" అంది. క్లాసు ఆ మాట మీద ముప్పావుగంట వాదించుకుంది. ఓడినట్టే అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదన కూడా బోర్డు మీద రాశాను.

పదో తరగతి ఫలితాల సంగతి ఒక్కటి చెప్పి తీరాలి. అప్పట్లో పేపర్లో నంబర్లు వేసేవాళ్ళు. నంబరు లేకపోతే తప్పినట్టు. ఆ రోజు బస్టాండులో పేపరు చూసి ఇంటికి వెళ్ళని పిల్లల్ని వెతకడానికి మాస్టారు సైకిల్ వేసుకుని బయలుదేరేవారు. కాలవ గట్టు మీద, గుడి వెనకా, ఎక్కడ కూర్చుంటారో ఆయనకి తెలుసు. దొరికినవాడికి ఉపన్యాసం ఇచ్చేవారు కాదు. "ఆరంభింపరు నీచమానవులు" పద్యం క్లాసులో చెప్పేటప్పుడే వాళ్ళకి ఒక సంగతి పట్టిచ్చి ఉంచేవారు. ఆ పద్యంలో ముగ్గురు మనుషులున్నారు. మొదలుపెట్టనివాడికీ విఘ్నం ఉంది, మధ్యలో వదిలేసినవాడికీ విఘ్నం ఉంది, ధీరుడికీ విఘ్నం ఉంది. ధీరుడికి దెబ్బ తగల్లేదని ఏనుగు లక్ష్మణకవి ఎక్కడా అనలేదు, దెబ్బ మీద దెబ్బ తగులుతూనే ఉన్నా పని వదల్లేదన్నాడు. గట్టు మీద దొరికినవాడిని ఆయన "మూడో పాదం చదవరా" అని అడిగేవారు. వాడు ఏడుస్తూనే చదివేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి సైకిల్ మీద ఇంటికి వెళ్ళేవారు. మళ్ళీ పరీక్ష ఫీజు కట్టే తేదీ దాటకుండా చూసే పని నాది. పద్యం ఒక్కటే సరిపోదు, ఫీజు తేదీ కూడా గుర్తుండాలి. మా ఇద్దరి పని అలా కలిసేది.

ఆ తర్వాత ఏళ్ళలో వ్యక్తిత్వ వికాసం తరగతులు బాగా వచ్చాయి. కోటు వేసుకున్న వక్తలు స్కూళ్ళకి వచ్చి, గెలుపు నీలోనే ఉంది, నువ్వు అనుకుంటే ఏదైనా సాధిస్తావు అని గంటసేపు చప్పట్లు కొట్టించి వెళ్ళేవాళ్ళు. పిల్లలకి ఆ పూట హుషారుగా ఉండేది. నాకు మాత్రం భయం వేసేది. గెలుపంతా నీలోనే ఉందని చెబితే, ఓటమి కూడా నీలోనే ఉందని వాడు అనుకుంటాడు. తుఫానులో ఇల్లు పోయినవాడికి సంకల్పబలం తక్కువై పోలేదు. షెల్టరు లేక పోయింది. పొట్లం విప్పి తినిపించిన ఆవిడ లేకపోతే ఆ నాయనమ్మ సంకల్పంతో బతికి ఉండేది కాదు. పిల్లలకి మనం ఇవ్వగలిగే నమ్మకం సాటిమనుషుల మీద, వాళ్ళు కలిసి చేసిన పనుల మీద ఉండాలని నేను ఎప్పుడూ నమ్మాను. దానికి ఋజువులు సోషల్ పుస్తకంలో ఉన్నాయి. ఆ ఋజువులు చేతికి రాకముందు గడిపే రాత్రుల గురించి తెలుగు పుస్తకంలో ఉంది. ఒకటి లేకుండా రెండోది చెబితే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా.

షెల్టర్ గురించి చెప్పి వరండాని నవ్వించిన అమ్మాయి అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని డీఎస్సీ రాసి, సోషల్ టీచర్ అయింది. ఇప్పుడు తీరానికి దగ్గర్లోని ఒక హైస్కూల్లో పనిచేస్తోంది. మా రెండు అంకెల పాఠాన్ని తను ముందుకి తీసుకెళ్ళింది. 1999లో ఒడిశాలో వచ్చిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరులో అదే ఒడిశా తీరానికి ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య 50 లోపే. ఈ అంకెలు బోర్డు మీద రాసి, పక్కన మా 1977, 1990 అంకెలు కూడా రాస్తుందట. మొన్న ఆ మధ్య, "టీచర్ గారూ, ఒక శనివారం మీరు రండి" అని పిలిచింది.

వెళ్ళాను. పిల్లలు హుషారుగా ఉన్నారు. మా రోజుల్లోలాగా మన చేతుల్లో ఏముంది అని ఎవరూ అనలేదు. కానీ ఒక కుర్రాడు లేచి, "వేడి పెరిగి సముద్రం పైకి వస్తోందంటున్నారు కదా మేడం. అప్పుడు షెల్టర్లు ఏం సరిపోతాయి?" అన్నాడు. నా రోజుల్లో లేని ప్రశ్న ఇది. మడ అడవుల గురించి మాట్లాడుకున్నాం. కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ చెట్లు అల ఊపుని ఎలా తగ్గిస్తాయో ఆ పిల్లలకి నాకంటే బాగా తెలుసు. వాళ్ళ నాన్నలు పడవ వేసుకుని ఆ క్రీకుల్లోకి రోజూ వెళతారు. ఎక్కడ చెట్టు తరిగిందో, ఎక్కడ మళ్ళీ మొలుస్తోందో తాతల్ని అడిగి పటం గీసి తెమ్మని వాళ్ళ టీచర్ హోంవర్క్ ఇచ్చింది. దానితో పాటు ఏ పద్యం చెప్పాలో వాళ్ళ తెలుగు సారు ఇంకా తేల్చుకోలేదు. నన్ను అడిగితే జాషువా గబ్బిలం చూడమన్నాను. తన బాధని గబ్బిలం చేత కాశీదాకా కబురు పంపిన మనిషి కథ ఆ పిల్లలకి నచ్చుతుందని నా అనుకోలు. ఆయన మాత్రం గురజాడ వైపు మొగ్గుతున్నారు.